ఆదివారం మీద పడ్డ నింద

మా ఇంట్లో రెండేళ్ల పాటు ఆదివారం మీద విచారణ నడిచింది. నడిపింది మా అమ్మ. మా నాయినకు ప్రతి సోమవారం ఊపిరి ఆడేది కాదు. మిగతా రోజుల్లో బాగానే తిరిగే మనిషికి సోమవారమే దమ్ము ఎందుకు లేస్తుంది? ముందు రోజు ఏదో తప్పు చేస్తున్నాడు కాబట్టి. అమ్మ లెక్క అది. మా బస్తీలో ఎవరిని అడిగినా అదే లెక్క చెప్పేవారు. చిన్నపిల్లను, నాకూ అది న్యాయంగానే తోచింది.

అప్పుడు మేము వరంగల్లో, వర్ధన్నపేట పోయే రోడ్డు పక్కన ఉండేవాళ్లం. డెబ్బైల మధ్య కాలం. దగ్గర్లోనే ఒక చిన్న నూలు మిల్లు ఉండేది. ఇప్పుడు అక్కడ ఫంక్షన్ హాలు కట్టారు. నాయిన ఆ మిల్లులో బ్లో రూములో పని చేసేవాడు. బ్లో రూమంటే పత్తి బేళ్లు మొదట వచ్చి పడే చోటు. బిగించి కట్టిన బేళ్లను విప్పి, మిషన్లో వేసి దులిపి, చెత్త రాల్చి, దూదిని పొరలుగా చేసి లోపలికి పంపిస్తారు. చేలో నుంచి పత్తితో పాటు వచ్చిన ఎండుటాకు, కాయ పొట్టు, మట్టి అన్నీ అక్కడే లేస్తాయి. షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి నాయిన కనుబొమలు, మీసం, చెవుల మీది వెంట్రుకలు తెల్లబడి ఉండేవి. నాకు అది భలే ఇష్టం. రోజూ సాయంత్రం ముసలివాడై వచ్చి, స్నానం చేసి మళ్లీ పడుచువాడయ్యే నాయిన మా వాడకట్టులో నాకొక్కదానికే ఉండేవాడు.

పనిలో ముక్కుకు తువ్వాల కట్టుకునేవాడు. మధ్యలో విరామం ఇచ్చినప్పుడు బెల్లం ముక్క తినేవాడు. బెల్లం తింటే గొంతులోని దుమ్ము కడుపులోకి జారి పోతుందని మిల్లులో అందరికీ నమ్మకం. తన ముక్కలో సగం నాకోసం జేబులో వేసుకొచ్చేవాడు. దానికి దూది పోగులు అంటుకుని ఉండేవి. ఒక్కో పోగు పీకేసి తినేదాన్ని.

మొదట్లో అది ఒట్టి దగ్గే. సోమవారం మధ్యాహ్నం షిఫ్టు సగంలో ఛాతీ బిగుసుకునేది. ఇంటికొచ్చేసరికి మాట ముక్కలు ముక్కలయ్యేది. అరుగు మీద కూర్చుని, చేతులు మోకాళ్లకు ఆనించి, భుజాలు పైకెత్తి ఊపిరిని లోతు బావిలోంచి తోడినట్టు తోడేవాడు. మంగళవారం కొంచెం తగ్గేది. బుధవారం పాట ఎత్తుకునేవాడు. శనివారం నాటికి ఈయనకు జబ్బుందంటే ఎవరూ నమ్మేవారు కాదు. మళ్లీ సోమవారం వచ్చేది.

బ్లో రూములో పని చేసే వాళ్లందరూ సోమవారం దగ్గేవారట. అందరికీ ఉన్నది కాబట్టి అది జబ్బని ఎవరికీ అనిపించలేదు. కూలీల మీద అజమాయిషీ చేసే మనిషిని మిల్లులో జాబర్ అంటారు. ఆయన సోమవారం వీళ్ల దగ్గులు విని, "నిన్న గట్టిగనే కొట్టినట్టున్నరు!" అని నవ్వేవాడట. వీళ్లూ సిగ్గుపడుతూ నవ్వేవారట. నిజానికి అందులో ఒకాయన మాల వేసుకున్న భక్తుడు, కల్లు ముట్టని వాడు. అందరికంటే ఎక్కువ దగ్గు ఆయనకే. ఆ సంగతి పట్టి చూసిన వాడు లేడు.

దవాఖానలకు తిరగలేదని కాదు. తిరిగాం. మా బస్తీ డాక్టరు దగ్గు వినగానే క్షయ అన్నాడు. రోజూ ఒక సూది, అలా ఎన్నో వారాలు. నాయినకు వేరే కంచం, వేరే గ్లాసు పెట్టారు. నన్ను పక్కన పడుకోనివ్వలేదు. కఫం పరీక్షలో ఏమీ కనబడకపోయినా సూదులు ఆగలేదు. సోమవారాలూ ఆగలేదు. ఇంకొక డాక్టరు క్షయ కాదు, ఉబ్బసం అన్నాడు. చిన్న తెల్ల మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే ఛాతీ కాస్త వదిలేది గానీ గుండె దడదడలాడి, కంటి మీద కునుకు ఉండేది కాదు. ఎవరో ఉమ్మెత్తాకు ఎండబెట్టి చుట్ట చుట్టి తాగమన్నారు. అదీ తాగాడు. ఒకసారి మరీ కష్టమైతే పెద్దదవాఖానకు తీసుకుపోయారు. అక్కడ నర్సమ్మ ఒక సూదిని నరంలోకి ఎంతో మెల్లగా, గడియారం చూసుకుంటూ ఎక్కించింది. ఆ కాలంలో దగ్గితే క్షయ, ఆయాసపడితే ఉబ్బసం. మూడో పేరు మాకు తెలిసిన ఎవరి దగ్గరా లేదు.

మందులతో పని కాదని తేలాక అమ్మ రంగంలోకి దిగింది. దేశంలో ఎమర్జెన్సీ ఉందని అప్పుడు నాకు తెలియదు, మా ఇంట్లో ఉందని మాత్రం బాగా తెలుసు. మొదట కల్లు బంద్ అయింది. నాయిన ఆదివారం పూట తాటివనం దిక్కు పోయి, స్నేహితులతో కూర్చుని ఒక ముంత తాగి వచ్చేవాడు. అది పోయింది. మూడు నెలలు చూశారు. సోమవారం మారలేదు. తర్వాత మాంసం పోయింది. తర్వాత పెరుగు, అరటిపండు. తర్వాత తలస్నానం. వారమంతా దుమ్ములో పడి దొర్లే మనిషికి ఆదివారం పూట వేణ్నీళ్లతో తలకు పోసుకోవడం ఎంత సుఖమో అమ్మకు తెలియక కాదు. తలలో నీరు దిగి ఛాతీలో చేరుతుందని ఎవరో చెప్పారు. సోమవారం శివుడి వారం, ముందు రోజు తిని తాగి మైల పడుతున్నారు కాబట్టి ఆయనకు కోపమొచ్చిందని ఇంకెవరో చెప్పారు. దాంతో అమ్మ సోమవారాలు ఒక్కపొద్దులు మొదలుపెట్టింది. ఆయన ఊపిరి కోసం ఈమె కడుపు మాడ్చుకునేది.

నాయిన ఎదురు చెప్పేవాడు కాదు. ఒక్కోటి తీసేస్తుంటే, "సరేనే, ఇది గూడ సూద్దాం" అనేవాడు. ఆదివారం పొద్దున స్నేహితులు కేకేస్తే తలుపు చాటున నిలబడి లేడని చెప్పించేవాడు. నాకు అమ్మ మీద ఒళ్లు మండేది. ఆమె చేసేదంతా ప్రేమతోనే అని తెలిసినా మండేది.

నాకు మండటానికి ఇంకో కారణం ఉంది. అన్నిటి కంటే చివర బంద్ అయింది సైకిలు. ఆదివారం సాయంత్రం నాయిన నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని హనుమకొండ దాకా తీసుకుపోయేవాడు. అక్కడ ఒక బండి దగ్గర మిర్చి బజ్జీలు తిని వచ్చేవాళ్లం. పోయేటప్పుడు ఎత్తు ఎక్కాలి. నా వీపుకు నాయిన ఛాతీ తగిలేది. ఎత్తు ఎక్కుతుంటే ఆ ఛాతీ ఎగిసెగిసి పడటం నాకు తెలిసేది. దిగి నడుస్తానని నేనెప్పుడూ అనలేదు. దిగితే సరదా పోతుంది కదా. సోమవారం నాయిన అరుగు మీద కూర్చుని రొప్పుతుంటే నేను దండెం మీది బట్టల వెనక దాక్కునేదాన్ని. అన్నీ మాన్పించినా తగ్గలేదంటే, ఇక మిగిలింది నేనే. నా బరువే నాయిన ఛాతీ మీద పడింది. అమ్మ సైకిలు బంద్ చేసిన రోజు నేను ఒక్క మాట అనలేదు, ఏడవలేదు. నేరం బయటపడిందనుకున్నాను. సైకిలు మానేసిన తర్వాతి సోమవారం కూడా దమ్ము లేచినప్పుడు మాత్రం, నా పాపం పాతదై లోపల పేరుకుపోయింది కాబోలు అనుకున్నాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

మా పక్కింటి క్రైస్తవులామె హనుమకొండలో ఒక దవాఖానలో ఆయాగా పని చేసేది. ఒక రోజు ఆమే అమ్మతో అంది. "అక్కా, మా దగ్గరికి కొత్తగ ఒక డాక్టరమ్మ వచ్చింది. ఛాతీ డాక్టరు. మిల్లులు మస్తుగున్న పట్నంల పని చేసొచ్చిందట. జర ఒకసారి సూపియ్యరాదు." అమ్మకు అప్పటికే డాక్టర్ల మీద విరక్తి పుట్టింది. అయినా ఇంకా మాన్పించడానికి నాయిన దగ్గర ఏమీ మిగల్లేదు కాబట్టి బయలుదేరింది. నన్ను ఇంట్లో వదిలే దిక్కులేక వెంట తీసుకుపోయారు.

డాక్టరమ్మ సన్నగా, పొడుగ్గా ఉంది. తొందర లేని మనిషి. నాయిన ఛాతీ విన్నది, వీపు విన్నది. అందరు డాక్టర్లూ చేసిందే ఇదీ అనుకున్నాను.

"ఎప్పుడు వస్తుంది?" అని అడిగింది.

"సోమారం వస్తది డాక్టరమ్మా."

రాస్తున్న చెయ్యి ఆగింది. "ప్రతి సోమవారమా?"

"ఔ. సోమారం ఎక్కువ. ఇప్పుడిప్పుడు మంగళారం గూడ ఉంటాంది."

"ఏం పని?"

"నూలు మిల్లుల. బ్లో రూము."

"సెలవు ఏ రోజు?"

"ఐతారం."

అప్పుడు అమ్మ కల్పించుకుంది. "ఐతారం తిన్నది పడ్తలేదమ్మా ఆయనకు. నేను అన్ని బంద్ వెట్టిన. కల్లు బంద్, కూర బంద్, తలకు పోసుకునుడు గూడ బంద్. ఇంకేం బంద్ వెట్టాల్నో మీరే చెప్పాలె."

డాక్టరమ్మ అమ్మ వైపు చూసి నవ్వలేదు. ఆ సంగతి నాకు బాగా గుర్తు. చదువుకున్న వాళ్లు అమ్మ మాటలకు నవ్వడం నాకు అలవాటే. ఈమె నాయిన వైపు తిరిగి ఇంకొకటే అడిగింది.

"పండక్కి మూడు నాలుగు రోజులు మిల్లు మూసేస్తారు కదా. అప్పుడు సోమవారం ఇంట్లోనే ఉంటావు. అప్పుడు వచ్చిందా?"

నాయిన కళ్లు పైకెత్తి గుర్తు చేసుకున్నాడు. "బతుకమ్మకు మూడొద్దులు బంద్ ఉండె. సోమారం ఇంట్లనే ఉంటి. రాలే." వేళ్ల మీద రోజులు లెక్కపెట్టి అన్నాడు. "మిల్లు తెరిచిన్నాడు వచ్చింది. అది గురువారం."

ఒళ్లు జలదరించడమంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. ఆమె మందు ఇవ్వలేదు, సూది వేయలేదు. ఒక ప్రశ్న అడిగింది, అంతే. జవాబు నాయిన దగ్గరే ఉండింది. ఇన్నేళ్లూ మేము ఆ జవాబు పక్కనే పడుకుని లేస్తూ ఉన్నాం.

తర్వాత ఆమె ఒక గొట్టం లాంటి పరికరం తీసింది. దాని మీద గీతలు, ఒక ముల్లు. గట్టిగా ఊదమంది. నాయిన బుగ్గలు ఉబ్బించి ఊదితే ముల్లు కదిలి సగం దాకా కూడా పోకుండా ఆగిపోయింది. ఊపిరిని కొలవొచ్చని నాకు తెలియదు. బియ్యం కొలుస్తారు, బట్ట కొలుస్తారు. కంటికి కనబడని నాయిన ఊపిరి ఒక గీత దగ్గర ఆగి నిలబడటం చూసి నోరెళ్లబెట్టాను.

"మీ మాట నిజమో నా మాట నిజమో చూద్దాం" అంది డాక్టరమ్మ అమ్మతో. "వచ్చే ఆదివారం ఏవేవి మాన్పించారో అవన్నీ చెయ్యనివ్వండి. కల్లు మాత్రం కొంచెమే. సోమవారం పనికి పంపకండి. మంగళవారం పంపి, బుధవారం వచ్చి ఏం జరిగిందో చెప్పండి."

నేను ఉండబట్టలేక అడిగాను. "సైకిలో?"

"సైకిలేంటి?"

"నన్ను కూసోవెట్టుకుని తొక్కుడు."

ఆమె నన్ను చూసింది. ఏం కనబడిందో ఏమో, లేచి వచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది. "సైకిలుకీ ఈ జబ్బుకీ ఏ సంబంధమూ లేదమ్మా" అంది. నేను ఏడ్చిన ఏడుపుకు బయట వరసలో కూర్చున్న వాళ్లు తలుపు దగ్గరికి వచ్చారు. ఎందుకేడుస్తున్నానో అమ్మకు అర్థం కాలేదు. నేనూ చెప్పలేదు.

ఆ ఆదివారం మా ఇంట్లో పెళ్లి జరిగినంత పని అయింది. అమ్మ భయపడుతూనే వేణ్నీళ్లు కాచింది. నాయిన తలకు పోసుకుని, అబ్బబ్బా అని మూలుగుతూ అరగంట కూర్చున్నాడు. మాంసం కూర వండితే వాడకట్టంతా వాసన. కల్లు తాగాడు, పెరుగన్నం తిన్నాడు, అరటిపండు తిన్నాడు. సాయంత్రం నన్ను ఎక్కించుకుని హనుమకొండ ఎత్తు తొక్కాడు. బజ్జీలు నాలుగు ఎక్కువే తిన్నాం.

సోమవారం అమ్మ పొద్దున్నుంచీ నాయిన ఎదురుగా కూర్చుంది. ఏ పనీ చేయలేదు. నన్ను బడికి పంపలేదు. దమ్ము లేచే వేళ మధ్యాహ్నం. నాయిన తిని పడుకుని గురక పెట్టాడు. అమ్మ ఆయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. మూడయింది, నాలుగయింది. షిఫ్టు వదిలే సైరన్ మోగింది. వీధిలో పోతున్న బ్లో రూము వాళ్ల దగ్గులు వినబడ్డాయి. మా ఇంట్లో దగ్గు లేదు. నాయిన లేచి, "ఏందే, ఛాయ పోస్తవా లేదా?" అన్నాడు, ఒక్క గుక్కలో.

అమ్మ ఛాయ పోయలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "రెండేండ్లు నీ నోరు గట్టేస్తి గదా. అన్నం పెట్టే చేతితోటి గుంజుకుంటి గదా" అని. నాయిన ఆమె పక్కన కూర్చుని, "నీకేం తెల్సు, నాకేం తెల్సు" అన్నాడు.

మంగళవారం పనికి పోయాడు. సాయంత్రం వీధి చివర నుంచే దగ్గు వినిపించింది. పరిగెత్తి ఎదురుపోయాను. గోడ పట్టుకుని వంగి, రొప్పుతూ, కళ్లలో నీళ్లు కారుతుంటే నాయిన నవ్వుతున్నాడు. ఊపిరి అందక విలవిల్లాడుతూ నవ్విన మనిషిని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. "మంగళారం... బిడ్డా... ఇయ్యాల మంగళారం!" అన్నాడు.

బుధవారం డాక్టరమ్మ అంతా విడమరిచి చెప్పింది. రోజూ పత్తి దుమ్ము తగులుతుంటే ఊపిరితిత్తులు దాన్ని కొంత ఓర్చుకోవడం నేర్చుకుంటాయి. ఒక రోజు దుమ్ము లేకుండా హాయిగా ఉండగానే ఆ ఓర్పు పోతుంది. మళ్లీ మొదటి రోజు దుమ్ము తగలగానే గొట్టాలన్నీ ఒక్కసారి బిగుసుకుంటాయి. మిల్లులున్న దేశాల్లో డాక్టర్లకు ఇది ఎప్పటి నుంచో తెలుసట. దానికి బిస్సినోసిస్ అని పేరు కూడా పెట్టారట. మాకు ఆ పేరుకు నోరు తిరగలేదు. దూది జబ్బు అన్నాం. "మొదట సోమవారమే వస్తుంది. తర్వాత మంగళవారం కూడా. అలా వారమంతా నిండుతుంది. నిండాక మిల్లు మానేసినా పోదు" అంది ఆమె. "నీకు మంగళవారం దాకా వచ్చింది. వెంటనే ఆ గదిలోంచి బయటపడు."

నాయిన జాబర్ కాళ్లావేళ్లా పడ్డాడు. నూలు కట్టలు పేర్చే గోదాములోకి మారుస్తానన్నాడు ఆయన, కానీ బ్లో రూములో నీ బదులు మనిషిని పెట్టి పొమ్మన్నాడు. మా చిన్నాయిన, అంటే నాయిన తమ్ముడు, అప్పటికి ఏడాదిగా మిల్లు గేటు దగ్గర బదిలీ కూలీగా నిలబడుతున్నాడు. ఎవరైనా రాకపోతేనే బదిలీ వాళ్లను లోపలికి పిలుస్తారు. పర్మినెంటు కావాలంటే ఇదే అదను. "నేను పోత అన్నా! నాకేం రోగం? రాళ్లు తిని అరిగించుకుంట!" అన్నాడు. నాయిన వారం రోజులు ఊగిసలాడాడు. అమ్మ పట్టుబట్టింది. ఆమెను తప్పు పట్టను. ఆమెకు కనబడింది నాయిన ఒక్కడే. చిన్నాయిన బ్లో రూములోకి పోయాడు.

గోదాములో నాయిన చాలా మట్టుకు కోలుకున్నాడు. కానీ పూర్తిగా కాదు. చలికాలం వస్తే ఆయాసం, మెట్లెక్కితే ఆయాసం. మందులు మాత్రం మారుతూ వచ్చాయి. గుండె దడ మాత్రలు పోయి, చేతులు కొంచెం వణికించినా ఛాతీని వదులు చేసే మాత్రలు వచ్చాయి. ఎనభైల మధ్యలో, నేను హనుమకొండలో డిగ్రీ చదువుతున్నప్పుడు, ఒక రోజు డాక్టరమ్మ దగ్గరికి నాయినను నేనే తీసుకుపోయాను. ఆమె జుట్టు నెరిసింది. సొరుగులోంచి బొటనవేలంత డబ్బా ఒకటి తీసింది. కింద ప్లాస్టిక్ మూతి. "ఇది నోట్లో పెట్టుకుని నొక్కాలి. మందు నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది" అంది.

నాయిన నోట్లో పెట్టుకుని, నొక్కి, బలమంతా పెట్టి ఊదాడు. మందంతా పొగలా వెళ్లి డాక్టరమ్మ కళ్లద్దాల మీద పడింది.

"ఊదడం కాదయ్యా, పీల్చు!"

"ఇన్నేండ్లు ఊదుమంటిరి, ఇప్పుడు గుంజుమంటిరి. ఎట్లమ్మా మీతోని?" అన్నాడు నాయిన.

మూడోసారికి కుదిరింది. పీల్చి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టి వదిలాడు. కొద్ది నిమిషాలు ఊరికే కూర్చున్నాం. నేను ఆయన మెడ దగ్గర చూస్తున్నాను. ఊపిరి తీసినప్పుడల్లా అక్కడ పడే గుంట మెల్లగా నిండింది. భుజాలు కిందికి దిగాయి. "ఛాతీ మీద కూసున్నోడు లేసి పోయిండు బిడ్డా" అన్నాడు. ఉమ్మెత్తాకు చుట్ట నుంచి ఈ డబ్బా దాకా మధ్యలో పదేళ్లే. నాకు ఆ డబ్బాకు దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. డాక్టరమ్మ నవ్వింది.

ఇక లేద్దామనుకుంటుండగా నాయిన అడిగాడు. "అమ్మా, ఇది కొడితే నా ఊపిరి మల్ల మొదటి లెక్క అయితదా?"

"కాదు. పోయింది పోయింది. ఉన్నదాన్ని ఇది కాపాడుతుంది."

"మా తమ్మునికి నిరుడు సంది సోమారం దగ్గొస్తాంది."

నాకు తెలియదు. నేను నాయిన వైపు చూశాను.

"'నిన్న జర ఎక్కువ తాగిన అన్నా' అంటాండు. వాడు గిప్పుడు ఇడిసిపెడితే?"

"సోమవారం ఒక్కటే అయితే పూర్తిగా నయమవుతుంది. కొత్త మనిషి అవుతాడు" అంది డాక్టరమ్మ. దూది కంటే దాంతో వచ్చే ఆకు పొట్టులో ఉండే సూక్ష్మజీవుల విషమే దీనికి కారణమని ఇప్పుడు అంటున్నారని కూడా చెప్పింది. నాయిన అదంతా బుద్ధిగా విని, చివరికి, బస్సు ఎప్పుడుందని అడిగినట్టు అడిగాడు. "మరి నేను మల్ల దుమ్ములకు పోతే?"

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. "పిచ్చా నీకు? ఉన్నది కూడా పోతుంది."

నాయిన తలూపి, డబ్బాను చొక్కా జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

పదిహేను రోజుల్లో జాబరును పట్టుకుని పని మార్పించుకున్నాడు. చిన్నాయిన గోదాముకు, నాయిన మళ్లీ బ్లో రూముకు. పాత చెయ్యి కాబట్టి జాబర్ సంతోషంగా ఒప్పుకున్నాడు. నేను ఇల్లు పీకి పందిరేశాను. తెలిసి తెలిసి పోతావా, నీకు మేము కనబడటం లేదా అని అరిచాను. నాయిన బెదరలేదు.

"తెల్సినోడు పోతెనే మంచిది బిడ్డా. ముక్కు గట్టుకుంటడు, మందు గొట్టుకుంటడు. తెల్వనోడు ఐతారాన్ని తిడుతడు" అన్నాడు. "వాని పిల్లలు చిన్నోళ్లు. పాడైన ఊపిరి ఇంట్ల ఒక్కటుంటే సాలు."

"మరి చిన్నాయినకు చెప్పు ఎందుకు మార్పించినవో!"

"చెప్తే వాడు ఆ గది నాకు ఇడుస్తడా? వాడు నా తమ్ముడు."

అమ్మ పాత చీర చింపి, నాలుగు మడతలు వేసి, ముక్కుకు కట్టుకునే గుడ్డలు వారానికి సరిపడా కుట్టింది.

చిన్నాయినకు మాత్రం నిప్పంటుకుంది. మిషన్ మీద పని చేసే మనిషికి మిల్లులో ఒక మర్యాద ఉంటుంది. గోదాములో కట్టలు మోసేవాడికి అది ఉండదు. అన్నే తన పని గుంజుకున్నాడని అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. నెల రోజులు మా ఇంటి వైపు రాలేదు. తర్వాత ఒక సోమవారం సాయంత్రం షిఫ్టు దిగి, నేరుగా మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. నాయిన అప్పుడే బ్లో రూము నుంచి వచ్చి అరుగు మీద వంగి కూర్చుని డబ్బా నోట్లో పెట్టుకుంటున్నాడు.

"నీ దమ్ము తగ్గంగనే నా కుర్సీ మీద కన్ను వడ్డదా అన్నా? ముసలోనివైతాన్నవ్, నీకు సిగ్గనిపిస్తలేదా? నన్ను మూటలు మోసెటోన్ని జేస్తివి గదా!"

నాయిన గాలి పీల్చుకుంటూ, "నీకు ఆ మిషన్ నడుపస్తలేదురా" అన్నాడు.

చిన్నాయిన ఇక ఆగలేదు. చిన్నప్పటి సంగతుల నుంచి మొదలుపెట్టి, పుట్టిన ఊరితో సహా తవ్వి తిట్టాడు. నీ గడప తొక్కితే నా పేరు మారుస్తానన్నాడు. తిడుతూనే వెనుదిరిగి, తిడుతూనే వీధిలో పోయాడు. ఇరుగుపొరుగు వాళ్లు బయటికొచ్చి చూశారు. నాకు కోపం తన్నుకొచ్చింది. అతని వెంట పడి నిజం చెప్పేద్దామని అడుగు వేశాను. నాయిన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇంకో చెయ్యి ఎత్తి మాట్లాడొద్దని సైగ చేశాడు. తల పక్కకు వంచి, తమ్ముడి తిట్లు వీధి మలుపు దాటి, వినబడకుండా పోయేదాకా విన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగాడు. అంత సంతోషంగా నేను ఆయనను ఎన్నడూ చూడలేదు.

"ఇన్నవా బిడ్డా?" అన్నాడు, ఊపిరి కూడదీసుకుంటూ. "సోమారం పూట. గంత దూరం ఒర్రుకుంట పోయిండు. ఒక్కపారి గూడ ఆగలే."